మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డవాడు

ఇంట్లోవాళ్లకి తెలియకుండా మీరు చేసే పని ఏదైనా ఉందా? తాగుడో పేకాటో అయితే చెప్పనక్కర్లేదు, వాటి సంగతి మీ ఇంట్లో ఎప్పుడో తెలిసే ఉంటుంది. నేనడిగేది అది కాదు. ఎవరికీ నష్టం లేని పని, ఎవరి సొమ్మూ తినని పని, అయినా సరే గుమ్మం దాటే ముందు అబద్ధం చెప్పి వెళ్లవలసిన పని మీకు ఉందా? ఉంటే ఇది మీ కోసమే రాస్తున్నాను. లేదంటే, అలాంటి అబద్ధం మీరు ఎవరి చేత చెప్పిస్తున్నారో ఒకసారి ఆలోచించుకోండి.

నేను గాలం వేసి చేపలు పట్టే మనిషిని. బతుకుదెరువుకి కాదు, సరదాకి. విజయనగరంలో కాలేజీ ఉద్యోగం అయిపోయాక చీపురుపల్లి వచ్చి స్థిరపడ్డాను. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల చెరువులే నాకు కాలక్షేపం. పట్టిన చేపల గురించీ, పట్టలేకపోయిన వాటి గురించీ ఒక బ్లాగు రాస్తాను. మధ్యలో దేవుళ్లనీ, ముహూర్తాలనీ, వాటిని అమ్ముకునే వాళ్లనీ నాలుగు మాటలు అంటాను. మొన్న ఒక పాఠకుడు కింద ఇలా రాశాడు: "సార్, ఈమధ్య మీ ఫొటోలు బాగోవడం లేదు. ఇదివరకు చేప మన మొహంలోకి చూస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు బజార్లో తట్టమీద పెట్టి తీసినట్టుంది. కెమెరా మార్చారా?"

కెమెరా మార్చలేదు. ఫొటోలు తీసే మనిషి పోయాడు.

ఏటా బ్లాగు పుట్టినరోజుకి నేనొక కృతజ్ఞతల వ్యాసం రాస్తాను. చెరువు వేలం పాడుకుని కూడా గట్టుమీద నన్ను కూర్చోనిచ్చినవాళ్లకి, ఎరకి గోధుమపిండి ముద్ద కలిపిచ్చే గరివిడి టీకొట్టు ఆవిడకి, ఇంత పొడుగు కర్రని బస్సెక్కనిచ్చే కండక్టరుకి, పేరుపేరునా. వాళ్లలో ఒక పేరు ఎప్పుడూ లేదు. నేను మరిచిపోయి కాదు, అతను వెయ్యనివ్వలేదు. ఇప్పుడు కూడా రాయను. చనిపోయినవాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే పుణ్యం వస్తుందన్న నమ్మకం నాకు లేదు. అతని భార్య ఇంకా ఆ ఇంట్లోనే, ఆ మనుషుల మధ్యే బతకాలి. కారణం అదొక్కటే.

అతనిది హార్డ్‌వేరు కొట్టు. మేకులు, గొలుసులు, రంగు డబ్బాలు, నైలాన్ తాళ్లు. మొదటిసారి నేను వెళ్లి సన్నటి నైలాన్ దారం అడిగితే, చెయ్యి బారగా చాపి కొలుస్తూ, "పాదులకి పందిరేస్తన్నారేటి మాస్టారూ?" అన్నాడు. గాలానికి అన్నాను. కొలుస్తున్న చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, కొట్టుకీ ఇంటికీ మధ్య వేలాడుతున్న పరదా వైపు చూశాడు. దాని వెనక వాళ్ల అమ్మగారు జపం చేసుకుంటూ కూర్చుంటుంది. అప్పుడు, మిగతా మగవాళ్లు సారా గురించి అడిగే గొంతుతో, "సేపలకాండి?" అన్నాడు.

దారం చుట్టి పొట్లం కట్టి చేతికిస్తూ మళ్లీ అడిగాడు. "నేను తిననండి. ముట్టుకోను కూడాను. సూస్తాను. సూడ్డానికి రావొచ్చాండి?"

వాళ్లది తరతరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబం. ఆ వీధిలో కోడిగుడ్డు కొన్నా వార్తే. ఇంటి పెత్తనం అన్నగారిది. ఆయన గుడి కమిటీలో పెద్ద. నలభై దాటిన తమ్ముడు, పెళ్లయి పిల్లలున్న తమ్ముడు, చెరువుగట్టు మీద కూర్చుని చేప ఎగరడం చూడాలంటే అన్నగారికి చెప్పి వెళ్లే వీలు లేదు. అందుకని గరివిడిలో సరుకు చూసొస్తానని చెప్పి వచ్చేవాడు. ఏళ్ల తరబడి అదే మాట. గరివిడిలో అంత చూడవలసిన సరుకేమిటని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదని నేను ఆశ్చర్యపోతే నవ్వాడు. "అడిగితే నిజం సెప్పాల్సొస్తాదని ఆల్లకీ బయమేనండి."

అతని స్కూటరు డిక్కీలో ఒక పాత ప్యాంటు, తువ్వాలు, సబ్బు, పౌడరు డబ్బా ఉండేవి. చెరువుకి రాగానే తుమ్మచెట్టు చాటున ప్యాంటు మార్చుకునేవాడు. వెళ్లేముందు రోడ్డు పక్క బోరింగు దగ్గర మోచేతుల దాకా, మోకాళ్ల దాకా రుద్దుకునేవాడు. ఒక్క చేపని కూడా వేలితో తాకని మనిషి ఆపరేషను చేసి వచ్చిన డాక్టరులా కడుక్కునేవాడు. తర్వాత రెండు చేతులూ నా ముక్కు ముందు పెట్టేవాడు.

"సూడండి మాస్టారూ, వస్తన్నాదా?"

"నన్నడుగుతావేమిటయ్యా? నేనే చేప వాసన కొడుతుంటే నీ వాసన నాకెలా తెలుస్తుంది?"

"అందుకే అడుగుతన్నాను. మీకే తెలిసిందంటే ఇంక మా అమ్మకి ఈది సివరే తెలిసిపోద్ది."

నవ్వుతూనే అనేవాడు. కానీ పౌడరు మాత్రం మానేవాడు కాదు. అది ప్యాంటుకి కూడా పట్టించేవాడు.

ఫొటోల సంగతి చెప్పాలి. మొదట్లో నేను చేపని గోనెసంచి మీద పడుకోబెట్టి, పైనుంచి ఫోనుతో తీసి బ్లాగులో పెట్టేవాణ్ణి. అతనికి అది చూస్తే ఒళ్లు మండేది. "శవానికి తీసినట్టున్నాది మాస్టారూ. ఎవులు సూస్తారండి దీన్ని?" అని, ఒకరోజు ప్యాంటు పైకి మడిచి, మేకులు పొట్లం కట్టే ప్లాస్టిక్ కవరులో ఫోను పెట్టుకుని, నేను చెప్పకుండానే నీళ్లలోకి దిగిపోయాడు. చేపని దారం మీదే, ఒడ్డు నీళ్లలోనే పట్టుకోమన్నాడు. మోకాలి లోతులో నడుం వంచి, గడ్డం నీళ్లకి ఆనేదాకా వంగి, ఊపిరి బిగబట్టి తీశాడు. "దాని ఇంటికెళ్లి తియ్యాలండి ఫొటో. మనింటికి తెచ్చి తీస్తే ఏటుంటాది?"

నా జీవితంలో నా నోరు ఏదైనా మూయించిందంటే అది ఆ ఫొటోయే. పరిగె పిల్ల, బెత్తెడు లేదు. ఏనుగులా ఉంది. దాని కన్ను నన్ను ప్రశ్న అడుగుతున్నట్టుంది. ఆ వారం నుంచే నా బ్లాగుకి మనుషులు రావడం మొదలైంది. నా తర్కం కోసం రాలేదు. అతను నీళ్లలో నిలబడ్డందుకు వచ్చారు. ఇది ఒప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు.

ఫొటో అయిపోగానే అతను గిర్రున వెనక్కి తిరిగి అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడేవాడు. నేను గాలం ఊడదీసి చేపని బుట్టలో వేసేదాకా తిరిగేవాడు కాదు. "అయిందాండి?" అని వీపుతోనే అడిగేవాడు. "అయింది" అంటే అప్పుడు ఇటు తిరిగేవాడు. చంపొద్దని ఒక్కనాడూ అనలేదు. తిన్నారా అని కూడా అడగలేదు. నేను వేపుడు సంగతి ఎత్తితే మాత్రం చెవులు మూసుకుని, తను తెచ్చిన ఉప్మా డబ్బా నా ముందుకి తోసేవాడు.

ఇంకొకటి. ఒక వానాకాలమంతా నా బ్లాగు మీద భక్తదాసు అనే పేరుతో ఎవరో విరుచుకుపడ్డారు. పాపాత్ముడా, నోరులేని ప్రాణిని చంపేవాడివి నువ్వా నీతులు చెప్పేది, అని మొదలు. నేను ఊరుకునే రకం కాదు. హేతువాద సంఘం తరఫున సభల్లో పెద్దపెద్ద పీఠాల వాళ్లతోనే వాదించి వచ్చినవాణ్ణి. పేజీలకి పేజీలు జవాబులు రాశాను. భక్తదాసు తగ్గలేదు. చూస్తుండగా అటు కొందరు, ఇటు కొందరు చేరారు. చేపల బ్లాగు కాస్తా చర్చా వేదిక అయిపోయింది. ఒకరోజు గట్టుమీద, ఈసారి రాయబోయే దాంతో ఆ భక్తదాసుని నిలువునా చింపేస్తానని చెబుతున్నాను. నీళ్లమీద తేలుతున్న గాలం బెండు మీదే చూపు పెట్టి అతను అన్నాడు.

"మరీ గట్టిగా సింపకండి మాస్టారూ. మల్లీ నేనే కుట్టుకోవాల."

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టాను. తిట్లన్నీ శ్రద్ధగా విని, వ్యాపారం తెలియని మనిషికి వ్యాపారం చెప్పినట్టు చెప్పాడు. "ఒక్క కొట్టున్న ఈదికి ఎవులొస్తారండి? ఎదురుగా ఇంకో కొట్టుండాల. బేరాలాడుకోవాల. అప్పుడే జనం నిలబడతారు."

మరి ఇందులో నువ్వెవరు, ఇక్కడ నాతో కూర్చున్నవాడివా, అక్కడ నన్ను తిట్టినవాడివా అని అడిగాను. కొంచెం ఆలోచించాడు. "రెండూ నేనేనండి. పొద్దున్న అమ్మతో గుడికెల్తాను. మద్దేనం మీతో సెరువుకొస్తాను. మీకు ఒకటే ఉండాల. మాకలా కుదరదండి."

వాదనలో ఎదుటివాణ్ణి ఓడించడం మాకు నేర్పారు. రెండు వైపులా నిజంగానే ఉన్న మనిషిని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నేను కూడా నేర్చుకోలేదు. అతనితో చేపలు పట్టానంతే.

పోయినేడు వానలు విపరీతంగా కురిశాయి. పొలాల గట్లు తెగి, నీళ్లన్నీ మేం కూర్చునే చెరువులోకి వచ్చాయి. గట్ల బొరియల్లోంచి ఎలకలు బయటపడి తుమ్మమొదళ్ల మీద ముడుచుకుని కూర్చోవడం ఇద్దరం చూశాం. అవి కూడా ఫొటో తీయించుకోడానికి వచ్చాయని అతను జోకు వేశాడు. ఆరోజు నాకు ఒక కొర్రమీను పడింది. నా చెయ్యంత ఉంది. దానికి తగ్గ ఫొటో కోసం అతను ఆ ఎర్రనీళ్లలో ఎప్పుడూ లేనంతసేపు నిలబడ్డాడు. రోజంతా కొట్లో నిలబడే మనిషి. మడమలు బీటలువారి ఉండేవి.

తర్వాత కొన్నాళ్లకి కొట్టుకి వెళ్తే గల్లాపెట్టె దగ్గర అన్నగారు కూర్చున్నారు. తమ్ముడికి జ్వరం, కామెర్లు కూడా వచ్చాయి, విజయనగరంలో చేర్పించాం అన్నారు. నేను అక్కణ్ణించే బస్సెక్కాను.

మీరు ఇక్కడ ఒకటి అనుకుంటూ ఉంటారు. నాలాంటివాడు రాస్తున్నాడు కాబట్టి, ఆ ఇంటివాళ్లు పసరువైద్యుడి దగ్గరికో మంత్రగాడి దగ్గరికో తీసుకెళ్లి ఉంటారని. తీసుకెళ్లలేదు. తీసుకెళ్లి ఉంటే నాకు ఈ వ్యాసం రాయడం సులువయ్యేది. జ్వరం వచ్చిన వెంటనే చదువుకున్న డాక్టరు దగ్గరికి, మంచి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఖర్చుకి వెనకాడలేదు. ఆ డాక్టరమ్మ అడగవలసిన ప్రశ్న మొదటిరోజే అడిగింది. ఈమధ్య చెరువులో గానీ, పొలం నీళ్లలో గానీ దిగారా అని.

ఆ ప్రశ్న అడిగినప్పుడు గదిలో అమ్మ ఉంది. అన్న ఉన్నాడు. భార్య ఉంది.

లేదండి అన్నాడు అతను.

నేను వెళ్లేసరికి అతని కళ్లు పసుపూ ఎరుపూ కలిసిపోయి ఉన్నాయి. తల దగ్గర స్టూలు మీద తల్లి. కాళ్ల దగ్గర భార్య, పిక్కలు నొక్కుతోంది. నన్ను కొట్టుకి వచ్చే మాస్టారుగానే వాళ్లకి తెలుసు. దగ్గరికి వంగి, చెరువు సంగతి డాక్టరుకి చెప్పావా అని గొణిగాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు బలంగానే ఉంది. తల్లి వైపు చూసి, గదంతా వినబడేట్టు అన్నాడు.

"ఆ సరుకు ఇంకా రాలేదు మాస్టారూ. వచ్చేక కబురెడతాను."

అతను నాతో ఆడిన ఆఖరి మాట అదే. చావుబతుకుల్లో ఉన్నవాడు తన ప్రాణం గురించి నేనడిగితే కొట్టు భాషలో జవాబు చెప్పాడు, పక్కన అమ్మ ఉంది కాబట్టి.

నేను చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చి డాక్టరమ్మకి అంతా చెప్పాను. చెరువు, వాన, ఎలకలు, మడమలు. ఆమె రాస్తున్నది ఆపేసింది. "మొదటిరోజే అడిగానండీ. రెండుసార్లు అడిగాను. లేదంటే లేదన్నారు. వాళ్ల అన్నగారైతే, మేం అలాంటి పనులు చేసేవాళ్లం కాదు అని నామీద కోప్పడ్డారు." ఎలకల మూత్రం కలిసిన నీళ్లు పగిలిన చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తే వచ్చే జ్వరం అది. వేళకి పట్టుకుంటే మామూలు మందులకి లొంగుతుంది. ఆ మధ్యాహ్నమే అన్నగారికి సంగతి చెప్పి మందు మార్చారు. కానీ అప్పటికే మూత్రపిండాలు ఆగిపోతున్నాయి. విశాఖపట్నం తీసుకెళ్లారు. అక్కణ్ణించి మనిషి తిరిగి రాలేదు.

పరామర్శకి వెళ్తే వరండాలో అందరూ ఒకటే మాట. ఆయుష్షు అంతే. పైవాడు రాసిన రాత. నేను ఆ ఇంట్లో గొడవపెట్టలేదు, ఇక్కడ చెబుతున్నాను. ఎవడూ ఏమీ రాయలేదు. ఒక ప్రశ్న, ఒక అబద్ధం, మధ్యలో వృథా అయిన రోజులు. ఇంతకంటే ఇందులో మర్మం లేదు. శాస్త్రం ఆ గదిలోకి వచ్చింది, సరైన ప్రశ్న అడిగింది. పరువు జవాబు చెప్పింది. మేం ఇన్నేళ్లూ మంత్రగాళ్ల మీద యుద్ధం చేశాం. మంచి బట్టలు కట్టుకుని, ఆసుపత్రి బిల్లు కట్టి, పేషెంటు మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునే ఈ పరువు మీద ఎవరం యుద్ధం చేశాం?

అన్నగారు నన్ను పక్కకి పిలిచారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆయనకి. దుఃఖం నిజమైనదే, దాన్ని నేను శంకించను. చేతులు పట్టుకుని అడిగారు. "మాస్టారూ, మావోడు సెరువులో దిగినాడని ఊళ్లో అనకండి. జొరంతో పోయినాడంటే సాలు." బ్లాగులో కొన్ని ఫొటోల్లో నీళ్లమీద అతని నీడ పడిందని ఎవరో చెప్పారట, అవి కూడా తీసెయ్యమన్నారు. తమ్ముడు ఎందుకు పోయాడో తెలిసిన తర్వాత కూడా ఆయనకి అడ్డుగా కనిపించింది ఆ నీడే.

తియ్యనని చెప్పాను. పేరు రాయనని మాత్రం మాటిచ్చాను.

వచ్చేస్తుంటే అతని భార్య మంచినీళ్ల గ్లాసుతో గుమ్మం దాకా వచ్చింది. అంతవరకూ ఆమె నాతో మాట్లాడిందే లేదు. గ్లాసు నా చేతికిచ్చి, లోపలికి వినబడకుండా చెప్పింది.

"నాకు తెలుసండి. ఎన్నేళ్ల బట్టో తెలుసు. ఎంత పౌడరేస్తే మటుకు ప్యాంటుకి నాచు వాసన రాదేటండి? నేనే కదా ఉతికీది."

నేను నీళ్లు తాగేదాకా ఆగింది. తర్వాత, "డాక్టరమ్మ అడిగినప్పుడు ఆయన నా మొకం సూసినారండి. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. నేను తల దించీసుకున్నాను," అంది. ఏడవలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఒక్క చూపు గురించి నేను రోజూ ఆలోచిస్తాను. చెప్పెయ్యమంటావా అని అడిగాడో, నువ్వైనా చెప్పు అన్నాడో. ఇద్దరికీ నిజం తెలుసు. ఇద్దరికీ నోళ్లున్నాయి. ఆ గదిలో నిజం చెప్పే అధికారం మాత్రం వాళ్లిద్దరిలో ఒక్కరికీ లేదు. ఆమెని తప్పుపట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు.

ఫొటోల గురించి అడిగిన పాఠకుడికి ఇదీ జవాబు. నా బ్లాగు బాగుందని మీరు మెచ్చుకున్న ప్రతిసారీ మీకు తెలియకుండా ఆ మనిషిని మెచ్చుకున్నారు. అతను బతికుండగా ఆ మెప్పు తీసుకెళ్లి అతనికి ఇచ్చేవాణ్ణి, బేరం కుదిరిందని అతను నవ్వేవాడు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది కృతజ్ఞత అనే ఒట్టి మాట. అది నాకు చాలదు. మీ చేత ఒక పని చేయించి దాన్ని తీర్చుకోవాలనుకుంటున్నాను.

మీరు తల్లి కావచ్చు, అన్న కావచ్చు, మొగుడు కావచ్చు. మీ ఇంటి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చోబెట్టండి. డాక్టరు మొదటి ప్రశ్న అడగకముందే లేవండి. జవాబు మీకు తెలిసినా సరే, ప్రేమ ఎంత ఉన్నా సరే, ఆ గదిలోంచి బయటికి నడవండి. మీ చేత్తో తలుపు వెయ్యండి. లోపలివాళ్లు పిలిచేదాకా బయటే నిలబడండి. ఇంటికి తిరిగివచ్చాక, లోపల ఏం చెప్పావని ఎన్నడూ అడగకండి.